అదే ర్యాక్, నలభై రెట్ల కరెంటు

డేటా సెంటర్లలో సర్వర్లను ఒకదానిమీద ఒకటి బిగించే ఇనుప చట్రమే ర్యాక్. ఎత్తు సుమారు రెండు మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు మీటరుకు కాస్త ఎక్కువ. ఇరవై ఏళ్ల కిందటి ర్యాకును, ఇవాళ ఏఐ మోడళ్లకు శిక్షణ ఇచ్చే ర్యాకును తలుపులు మూసి పక్కపక్కన నిలబెడితే కొత్తవాళ్లు ఏది ఏదో చెప్పలేరు. మొదటిది వాడుకునే కరెంటు 3 కిలోవాట్ల చుట్టుపక్కల ఉండేది. రెండోది సుమారు 120 కిలోవాట్లు తాగుతుంది. పెట్టె అంతే ఉంది, దానిలో పుట్టే వేడి నలభై రెట్లయింది. డేటా సెంటర్ భవనాల నేల, పైకప్పు, తీగలు, గొట్టాలు అన్నీ ఇప్పుడు మారిపోవడానికి మూలం ఈ ఒక్క తేడాయే.

ఈ చట్రం కంప్యూటర్ కంటే పాతది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో రిలేలనే స్విచ్చులను వరసగా బిగించుకోవడానికి అమెరికాలో 1920ల నాటికే 19 అంగుళాల వెడల్పు చట్రాలు వాడుకలో ఉన్నాయి. తర్వాత రేడియో పరికరాలు, ప్రయోగశాలల సామగ్రి, చివరికి కంప్యూటర్లు అదే కొలతలో ఇమిడిపోయాయి. ఈఐఏ-310 అనే ప్రమాణం ఆ కొలతను స్థిరపరిచింది. అందులో ఒక 'యూ' అంటే 1.75 అంగుళాల ఎత్తు, అంటే 44.45 మిల్లీమీటర్లు. అలాంటివి 42 పేరిస్తే 1.87 మీటర్లు. కింద చక్రాలు, పైన కప్పు కలుపుకుంటే రెండు మీటర్లవుతుంది. మామూలు తలుపులోంచి దొర్లించుకుపోవడానికి సరిపోయే ఎత్తు అది. ఇప్పుడు 48, 52 యూల ర్యాకులూ వస్తున్నాయి గానీ, వందేళ్ల కాలంలో ఎత్తు పెరిగిన తీరు చూస్తే అది నత్తనడకే.

కరెంటు సంగతి అలా లేదు. 2000ల తొలి ఏళ్లలో ఒక ర్యాకుకు రెండు నుంచి నాలుగు కిలోవాట్లు ఇస్తే చాలనుకునేవారు. 230 వోల్టుల్లో 32 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ లైను ఒకటి లాగితే 7 కిలోవాట్లు వస్తుంది కాబట్టి దిగుల్లేదు. అంతకు మించితే త్రీ ఫేజ్ 32 ఆంపియర్లు, దానితో 22 కిలోవాట్లు. 63 ఆంపియర్లయితే 43. ఈ మెట్లు తెలిస్తే ర్యాకుల చరిత్ర సగం అర్థమైనట్టే. ఒక్కో తరం సర్వర్లు వచ్చినప్పుడల్లా వెనకున్న ప్లగ్గు మారింది, ఆ ప్లగ్గు వెనకున్న బ్రేకర్ మారింది, దాని వెనక ప్యానెల్ మారింది.

మొదటి ఉధృతి బ్లేడ్ సర్వర్లతో, అంటే ఒకే పెట్టెలో పక్కపక్కన దూర్చే పలుచటి సర్వర్లతో, వచ్చింది. 2002లో ఐబీఎం తెచ్చిన బ్లేడ్‌సెంటర్‌లో 7 యూల ఎత్తులో 14 సర్వర్లు పట్టేవి. 2006లో హెచ్‌పీ తెచ్చిన సీ7000 పెట్టెలో 10 యూల ఎత్తుకు 16. ఒక్కో యూకి ఒక సర్వర్ చొప్పున 42 పట్టే ర్యాకులో ఐబీఎం లెక్క ప్రకారం 84 పెట్టవచ్చు. కాగితం మీద అంతా బాగానే ఉంది. నిజంగా నింపితే ర్యాకుకు 20 కిలోవాట్ల దాకా కావాలి, అప్పటి హాళ్లు అందులో పావు వంతు కోసం కట్టినవి. దాంతో చాలాచోట్ల ఒక ర్యాకులో ఒకటో రెండో పెట్టెలు పెట్టి మిగతా జాగా ఖాళీగా వదిలేశారు. స్థలం ఆదా చేయడానికి కొన్న యంత్రాలే స్థలాన్ని వృథా చేయించాయి. ఆ పాఠం అప్పటి ఇంజినీర్లకు బాగా తగిలింది. స్థలం ఉండీ కరెంటు లేకపోతే ఆ స్థలానికి విలువ లేదని అప్పుడే తేలింది.

ఆ ఉధృతి ఎందుకు తగ్గిందో కూడా చెప్పుకోవాలి. ఒక యంత్రం మీద పది పదిహేను వర్చువల్ యంత్రాలు, అంటే సాఫ్ట్‌వేర్ రూపంలోని కంప్యూటర్లు, నడిపే పద్ధతి వ్యాపించాక సర్వర్ల సంఖ్యే తగ్గింది. చిప్పుల కంపెనీలు కూడా వేగం కోసం క్లాక్ పెంచడం మానేసి ఒక వాట్‌కు ఎంత పని జరుగుతోందో చూడటం మొదలుపెట్టాయి. 1992లో ఐబీఎం ఇంజినీర్ రాబర్ట్ సలివన్ ప్రతిపాదించిన పద్ధతి, అంటే ర్యాకుల ముఖాలు ఎదురెదురుగా, వీపులు ఎదురెదురుగా ఉంచి చల్లగాలి నడవ వేరు, వేడిగాలి నడవ వేరు చేయడం, ఈలోగా దాదాపు అన్నిచోట్లా అమల్లోకి వచ్చింది. తర్వాత ఆ నడవలకు తలుపులు, కప్పులు కూడా బిగించారు. ఆష్రే అనే అమెరికా శీతలీకరణ ఇంజినీర్ల సంస్థ 2004లో సర్వర్లలోకి వెళ్లే గాలి 20 నుంచి 25 డిగ్రీలుండాలంది. 2008లో దాన్ని 18 నుంచి 27కు సడలించింది. ఇవన్నీ కలిసి గాలితోనే పదేళ్ల పైచిలుకు బండి లాగించాయి.

వెనక్కి వెళ్తే ఇంకో ఉదాహరణ ఉంది, అది మరీ ఆలోచింపజేస్తుంది. 1976లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు చేరిన క్రే-1 సూపర్ కంప్యూటర్ వాడుకున్న కరెంటు 115 కిలోవాట్లు. దాన్ని ఫ్రియాన్ అనే శీతలకారకంతో చల్లబరిచేవారు. 1985 నాటి క్రే-2 సర్క్యూట్లనైతే ఏకంగా ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచేశారు. పెద్ద ఐబీఎం మెయిన్‌ఫ్రేములకు నీటి గొట్టాలుండేవి. 1990ల్లో బైపోలార్ ట్రాన్సిస్టర్ల స్థానంలో తక్కువ కరెంటుతో నడిచే సీమాస్ రకం చిప్పులు రాగానే వేడి ఒక్కసారిగా పడిపోయింది, నీళ్ల గొట్టాలు పీకేశారు, గాలి మళ్లీ రాజ్యానికొచ్చింది. నీళ్లతో చల్లబరచడం కొత్త ఆవిష్కరణ అన్నట్టు ఇప్పుడు జరుగుతున్న ప్రచారం అందుకే సరైంది కాదు. అది ఒకసారి వచ్చి వెళ్లి తిరిగొచ్చింది. తేడా ఒకటుంది. అప్పట్లో సీమాస్ రూపంలో తప్పించుకునే దారి దొరికింది. ట్రాన్సిస్టర్ చిన్నదైన కొద్దీ దాని కరెంటు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందన్న డెనార్డ్ సూత్రం 2005 ప్రాంతంలో పనిచేయడం మానేశాక, అలాంటి సులువైన దారి మళ్లీ కనబడలేదు.

ఇప్పటి పెరుగుదలకు మూలం ఏఐ చిప్పులు. ఎన్విడియా కంపెనీ ఏఐ చిప్పులైన జీపీయూల గరిష్ఠ కరెంటు చూస్తే వీ100కు 300 వాట్లు, ఏ100కు 400, హెచ్100కు 700, బీ200కు 1000. ఎనిమిది హెచ్100లున్న డీజీఎక్స్ పెట్టె ఒక్కటే 10.2 కిలోవాట్లు లాగుతుంది, 8 యూల ఎత్తుంటుంది. ర్యాకుకు నాలుగు పెడితే 41 కిలోవాట్లు. అయినా ఇంత వేడిని గాలితోనే తీశారు. 1000 వాట్ల చిప్పులను గాలితో చల్లబరిచే పెట్టెలు కూడా ఉన్నాయి. ఎత్తైన లోహపు రెక్కలు, పెద్ద ఫ్యాన్లు పెట్టి 8 లేదా 10 యూల ఎత్తు తీసుకుంటే సరి. కావాలంటే ర్యాకుకు రెండే పెట్టి మిగతాది ఖాళీగా వదలొచ్చు. మరి అలా దూరదూరంగా ఎందుకు పెట్టడం లేదు? నేల ఖరీదు ఎక్కువన్నది చాలామంది ఇచ్చే జవాబు. ఏఐ చిప్పుల ఖరీదు ముందు నేల ఖరీదు లెక్కలోకే రాదు. అసలు కారణం రాగి తీగ పొడవు.

పెద్ద భాషా మోడల్‌కు శిక్షణ ఇచ్చేటప్పుడు ఒక్కో జీపీయూ తన వంతు లెక్క చేసి, ఫలితాన్ని మిగతావాటితో పంచుకుని, వాటిది తాను తీసుకుని గానీ ముందుకు కదలదు. ఆ మాటామంతీ ఎంత వేగంగా జరిగితే అంత మేలు. ఒక్కో తీగ జతలో సెకనుకు 200 గిగాబిట్లు పంపుతుంటే రాగిలో సంకేతం మీటరు రెండు మీటర్లకే సన్నగిల్లుతుంది. అంతకన్నా దూరమైతే కాంతితో నడిచే ఫైబర్ కావాలి. ఫైబర్‌కు రెండు కొసలా లేజర్లున్న ట్రాన్సీవర్లు కావాలి, వాటికి మళ్లీ కరెంటు కావాలి. అందుకే చిప్పులన్నిటినీ రాగి తీగ అందేంత దగ్గరికి చేర్చారు. 2024లో ఎన్విడియా ప్రకటించిన జీబీ200 ఎన్‌వీఎల్72 ర్యాకులో 72 జీపీయూలు, 36 సీపీయూలు ఉన్నాయి. ఒక్కో యూ ఎత్తున 18 కంప్యూట్ పళ్లేలు, నడుమ వాటి మధ్య సమాచారం చేరవేసే 9 స్విచ్ పళ్లేలు, వెనకవైపు వాటినన్నిటినీ కలిపే 5,000కు పైగా రాగి తీగలు. ఈ తీగల బదులు ఫైబర్ వాడి ఉంటే ర్యాకుకు మరో 20 కిలోవాట్లు అయ్యేదని కంపెనీ చెప్పింది. 72 చిప్పులూ ఒకే పెద్ద చిప్పులా పనిచేస్తాయి. ఒకప్పుడు ర్యాక్ అంటే వేర్వేరు కంప్యూటర్లను పెట్టుకునే అలమారా. ఇప్పుడు ర్యాకే కంప్యూటర్. విద్యుత్ సాంద్రతను పెంచాలని ఎవరూ పనిగట్టుకు పూనుకోలేదు. చిప్పులను దగ్గరగా ఉంచాల్సిన అవసరానికి అది కట్టిన మూల్యం.

గాలి ఎందుకు చాలదో చిన్న లెక్కతో తేలిపోతుంది. గాలి సర్వర్ ముందునుంచి వెళ్లి వెనకనుంచి వచ్చేలోగా 12 డిగ్రీలు వేడెక్కుతుందనుకుందాం. 10 కిలోవాట్ల ర్యాకుకు సెకనుకు 0.7 ఘనపు మీటర్ల గాలి చాలు. 120 కిలోవాట్లకు 8 ఘనపు మీటర్ల పైన కావాలి. ర్యాకు ముఖం వైశాల్యం 1.2 చదరపు మీటర్లు. అంటే మొత్తం ముఖం తెరిచి ఉన్నా గాలి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో లోపలికి దూరాలి. లోపల చిప్పులు, తీగలు అడ్డుపడే ఇరుకు సందుల్లో అది ఇంకా ఎన్నో రెట్లవుతుంది. పైగా ఫ్యాన్ వేగం రెట్టింపైతే దానికి పట్టే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది. చెవులు చిల్లులు పడే శబ్దం సరేసరి. అదే వేడిని నీళ్లతో తీయాలంటే, 10 డిగ్రీలు వేడెక్కనిస్తే సెకనుకు 3 లీటర్లు కూడా అక్కర్లేదు. ఒకే పరిమాణంలో నీరు మోయగల వేడి గాలి మోసేదానికి దాదాపు 3,500 రెట్లు. రెండు వేళ్ల మందం గొట్టం చేసే పనికి గాలైతే గది మొత్తం కావాలి.

ఆ నీరు చిప్పు దాకా ఎలా వెళ్తుందో చూస్తే ఇంత ఖర్చు ఎందుకవుతోందో అర్థమవుతుంది. చిప్పు నెత్తిన కోల్డ్ ప్లేట్ అనే రాగి పలక కూర్చుంటుంది. దానిలోపల వెంట్రుక మందమంత సన్నటి కాలువలుంటాయి. వాటిలో చిన్న నలుసు ఇరుక్కున్నా చిప్పు మాడిపోతుంది కాబట్టి భవనపు నీటిని నేరుగా వదలరు. సీడీయూ అనే యంత్రం మధ్యలో నిలబడి, ఒకవైపు ర్యాకుల్లో తిరిగే శుద్ధమైన ద్రవాన్ని, మరోవైపు బయటి నీటిని వేర్వేరుగా ఉంచుతూ వేడిని మాత్రం మార్పిడి చేస్తుంది. ర్యాకుల్లో తిరిగేది సాధారణంగా 25 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన నీరు, లోపల సూక్ష్మజీవులు పెరగకుండా. ఇందులో ఊహించని మేలు ఒకటుంది. చిప్పుకు నీరు అంత దగ్గరగా వెళ్తుంది కనుక ఆ నీరు చల్లగా ఉండక్కర్లేదు, 40 డిగ్రీలున్నా వేడిని లాక్కోగలదు. అంత వెచ్చటి నీటిని ఆరుబయట ఫ్యాన్లతోనే చల్లార్చుకోవచ్చు. చాలా వాతావరణాల్లో ఏడాదిలో ఎక్కువ కాలం నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రాలను ఆపి ఉంచొచ్చు. గూగుల్ టీపీయూ అనే తన ఏఐ చిప్పుల మూడో తరానికి 2018లోనే ద్రవశీతలీకరణ పెట్టింది.

అయితే నీళ్లు వచ్చాయి కాబట్టి గాలి పని అయిపోయిందనుకుంటే పొరపాటు. మెమరీ, స్విచ్చులు, పవర్ సప్లైలు చాలావరకు ఇంకా ఫ్యాన్లతోనే చల్లబడుతున్నాయి. 120 కిలోవాట్లలో పదో వంతుకు పైగా వేడి గాలిలోకే వస్తుంది. అంటే పది పదిహేను కిలోవాట్లు. ఒకప్పుడు ఇదే 'హై డెన్సిటీ' ర్యాకు మొత్తం వేడి. గొట్టాలు వేసిన హాలులో పాతకాలపు ఏసీ వ్యవస్థ కూడా పూర్తి బలంతో ఉండాల్సిందే. పాత భవనాలను మార్చుకునేవాళ్లు తరచుగా బోల్తా పడేది ఇక్కడే.

ఇక పీయూఈ గురించి ఒక మాట. భవనం మొత్తం కరెంటును కంప్యూటర్ల కరెంటుతో భాగిస్తే వచ్చే ఈ సంఖ్యను 2007 నుంచి సామర్థ్యానికి కొలబద్దగా వాడుతున్నారు. సర్వర్ లోపలి ఫ్యాన్లు కంప్యూటర్ల ఖాతాలోకి వస్తాయి. నీళ్లతో ఆ ఫ్యాన్లు పోతే భాజకం తగ్గుతుంది, గొట్టాల్లో నీరు తోసే పంపుల కరెంటు భవనం ఖాతాలో చేరుతుంది. నిజంగా ఆదా జరిగినా పీయూఈ అంతగా మెరుగుపడదు, ఒక్కోసారి చెడినట్టు కూడా చూపిస్తుంది. ర్యాకుల స్వభావమే ఇంత మారిపోయాక ఈ ఒక్క సంఖ్యను పట్టుకుని రెండు భవనాలను పోల్చడం న్యాయం కాదు.

కరెంటు ర్యాకులోకి చేరాక జరిగేది నీళ్ల కథ కన్నా క్లిష్టం. చాలాకాలం సర్వర్ లోపల పంపిణీ 12 వోల్టుల్లో ఉండేది. 120 కిలోవాట్లను 12 వోల్టుల్లో పంపాలంటే 10,000 ఆంపియర్లు కావాలి, అది అయ్యే పని కాదు. 48 వోల్టులైతే 2,500 ఆంపియర్లు. 2016లో గూగుల్ తన 48 వోల్టుల ర్యాకు నమూనాను, డిజైన్లను అందరితో పంచుకునే ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్టుకు ఇచ్చింది, ఇప్పుడు 48 నుంచి 54 వోల్టుల దాకా ఉండే ఆ స్థాయే వాడుకలో ఉంది. ర్యాకు వెనక నిలువుగా బస్‌బార్ అనే మందపాటి రాగి కడ్డీ ఉంటుంది, పళ్లేలను లోపలికి తోస్తే వాటి పట్టీలు దాన్ని కరుచుకుంటాయి. కానీ ర్యాకు ఒక మెగావాట్‌కు చేరితే 54 వోల్టుల్లో 18,500 ఆంపియర్లవుతాయి. దానికి ఒక్క ర్యాకుకే 200 కిలోల దాకా రాగి కావాలని ఎన్విడియా 2025లో చెప్పింది. అందుకే 800 వోల్టుల డీసీ వైపు నడక మొదలైంది. అదే మెగావాట్‌కు 1,250 ఆంపియర్లే చాలు. తీగ అదే అయితే వృథాగా పోయే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి 54 నుంచి 800కు మారితే అది రెండు వందల రెట్లకు పైగా తగ్గిపోతుంది. మైక్రోసాఫ్ట్, మెటా, గూగుల్ కలిసి ప్లస్ 400, మైనస్ 400 వోల్టుల పద్ధతి మీద పనిచేస్తున్నాయి. అందులో పవర్ సప్లైలన్నీ పక్కనే ఉండే వేరే ర్యాకులోకి వెళ్లిపోతాయి. ఎన్‌వీఎల్72లో పవర్ సప్లైలుండే ఒక్కో అర, అంటే పవర్ షెల్ఫ్, 33 కిలోవాట్లది, అవి కంప్యూట్ పళ్లేల జాగాను తినేస్తున్నాయి. 600 కిలోవాట్లకు అలాంటి షెల్ఫులు పెడితే చిప్పులకు చోటే మిగలదు.

డీసీలో ఒక ప్రమాదం ఉంది. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు, కొన్ని దేశాల్లో 120 సార్లు, సున్నా మీదుగా పోతుంది. బ్రేకర్ తెరిచినప్పుడు పుట్టే నిప్పుచాపం, అంటే ఆర్క్, ఆ క్షణంలో దానంతటదే ఆరిపోతుంది. డీసీకి అలాంటి క్షణమంటూ ఉండదు. 800 వోల్టుల లైను మీద పళ్లేన్ని తప్పుగా లాగితే మంట నిలిచే ఉంటుంది. బ్రేకర్లు, కనెక్టర్లు, పనిచేసేవాళ్ల శిక్షణ, రక్షణ నియమాలు అన్నీ దీనికి కొత్తగా రావాలి. ఈ మార్పులో అందరికన్నా ఎక్కువ శ్రద్ధ దీనిమీదే పెట్టాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే పోయేది యంత్రం కాదు, మనిషి.

ర్యాకు కొలతలు అసలు మారనే లేదని కూడా అనలేం. ఫేస్‌బుక్ 2011లో మొదలుపెట్టిన ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్టు బయటి వెడల్పును 60 సెంటీమీటర్లలోనే ఉంచి, లోపల 19 బదులు 21 అంగుళాల పరికరాలు పట్టేలా చేసింది. ఒక యూనిట్ ఎత్తును 48 మిల్లీమీటర్లకు పెంచింది. పాత చట్రంలో పక్కల పోతున్న జాగాను అలా రాబట్టింది. 2025లో మెటా రెండింతల వెడల్పున్న ఓపెన్ ర్యాక్ వైడ్ నమూనాను ముందుకు తెచ్చింది, ఏఎండీ తన హీలియోస్ ర్యాకును దాని మీదే చూపించింది. అదే ఏడాది మార్చిలో ఎన్విడియా ప్రకటించిన కైబర్ ర్యాకులో పళ్లేలు పుస్తకాల్లా నిలువుగా నిలబడతాయి. 2027 ద్వితీయార్ధానికి అనుకున్న ఆ ర్యాకు 600 కిలోవాట్లది.

బరువు సంగతి బయట ఎవరూ అంతగా మాట్లాడరు. ఎన్‌వీఎల్72 సుమారు 1.36 టన్నులుంటుంది. అది ఆనే జాగా ఒక చదరపు మీటరు కూడా ఉండదు. అంటే చదరపు మీటరుకు దాదాపు రెండు టన్నుల భారం. కింద ఖాళీ ఉంచి పలకలు పరిచిన పాత ఎత్తు నేలలు చాలా ఇంత మోయలేవు. అలాంటి నేల వేసింది కింద చల్లగాలి పంపడం కోసమే కదా, నీళ్లొచ్చాక దాని అవసరమూ తగ్గింది. కొత్త హాళ్లలో ర్యాకులు నేరుగా కాంక్రీటు మీద నిలబడుతున్నాయి. గొట్టాలు, బస్‌బార్లు, తీగలు పైనుంచి దిగుతున్నాయి. పైకప్పు ఎత్తు పెరిగింది.

హాలు విస్తీర్ణం మాత్రం చిక్కిపోయింది. 10 మెగావాట్ల కంప్యూటర్లకు 5 కిలోవాట్ల ర్యాకులైతే 2,000 కావాలి. 120 కిలోవాట్లవైతే 84 చాలు. అయితే ట్రాన్స్‌ఫార్మర్లు, యూపీఎస్‌లు, జనరేటర్లు, చల్లార్చే యంత్రాలు ఏవీ తగ్గవు, అవి మెగావాట్లను బట్టే ఉంటాయి. దాంతో భవనంలో ర్యాకుల గది మూలన ఒక చిన్న భాగమై, చుట్టూ ఉన్నదంతా విద్యుత్ కేంద్రాన్ని తలపిస్తోంది.

ఇదంతా చదివి ప్రపంచంలోని ర్యాకులన్నీ ఇలా మారిపోయాయనుకోకూడదు. డేటా సెంటర్లను అధ్యయనం చేసే అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ ఏటా చేసే సర్వేల్లో ఎక్కువ సంస్థల సగటు ర్యాకు ఇప్పటికీ 8 కిలోవాట్ల లోపే. బ్యాంకుల లెక్కలు, ఆసుపత్రుల రికార్డులు, వెబ్‌సైట్లు నడిచేది అక్కడే. పాత ర్యాకులకు రాసిపెట్టిన అంకె, నిజంగా వాడేది కూడా ఒకటి కావు. మామూలు సర్వర్లు రోజులో ఎక్కువ భాగం సగం పని కూడా చేయవు కాబట్టి పది కిలోవాట్లు కేటాయించిన చోట ఐదే ఖర్చయ్యేది, ఆ తేడాతో కూలింగ్‌కు ఊపిరాడేది. శిక్షణ ఇచ్చే ఏఐ ర్యాకుకు ఆ వెసులుబాటు లేదు. వేల చిప్పులు ఒకేసారి లెక్కలోకి దిగుతాయి, ఫలితాలు పంచుకోవడానికి ఒకేసారి ఆగుతాయి. మెగావాట్ల కొద్దీ లోడు క్షణాల్లో పైకీ కిందికీ ఊగుతుంది. ఆ కుదుపు గ్రిడ్‌కు తగలకుండా పవర్ సప్లైల్లోనే కరెంటును కాసేపు దాచే కెపాసిటర్లు పెడుతున్నారు.

ఇంకొకటి సమయం. పాత హాలులో కూలింగ్ ఆగితే గదిలోని గాలి, గోడలు, నేల వేడిని పీల్చుకుని కొన్ని నిమిషాల గడువిచ్చేవి. జనరేటర్ అందుకునేదాకా అది చాలేది. 120 కిలోవాట్ల ర్యాకులో ద్రవం ఆగితే చిప్పులు సెకన్లలో హద్దు దాటి వాటంతటవే నెమ్మదిస్తాయి లేదా ఆగిపోతాయి. అందుకే ఇప్పుడు పంపులను కూడా యూపీఎస్ మీద పెడుతున్నారు, చల్లటి నీటిని ట్యాంకుల్లో నిల్వ ఉంచుతున్నారు.

చిప్పుల కంపెనీలు ఏడాదికో కొత్త తరాన్ని ప్రకటిస్తున్నాయి. భవనం కట్టి కరెంటు లైను తెచ్చుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, కట్టాక ఇరవై ఏళ్లకు పైగా నిలవాలి. 40 కిలోవాట్లకు గీసిన నక్షా పునాదులు లేచేసరికి 120 వచ్చింది, 120కి కట్టినవి తెరిచేలోగా 600 ప్రకటన వచ్చింది. ఈ పరిస్థితిలో కొందరు డిజైనర్లు ర్యాకుకు ఎన్ని కిలోవాట్లన్న ప్రశ్నకు జవాబివ్వడం మానుకున్నారు. తర్వాత మార్చలేని వాటిని మాత్రం ముందే పెద్దవిగా వేస్తున్నారు: నేల మోయగల బరువు, పైకప్పు ఎత్తు, ప్రధాన నీటి గొట్టం వ్యాసం, హాలుకు చేరే మొత్తం మెగావాట్లు. వరసలు, ప్లగ్గులు, వోల్టేజీ, సీడీయూల సంఖ్య లాంటివి ఏ ర్యాకు వస్తే దాన్నిబట్టి బిగించుకునేలా ఖాళీగా వదులుతున్నారు. ప్రధాన గొట్టానికి వాల్వు బిగించి మూతపెట్టిన పాయలు వరసకు ఇన్ని చొప్పున పైన వేలాడుతుంటాయి. వాటి కింద రాబోయే ర్యాకు ఇంకా ఏ కాగితం మీదా పూర్తిగా గీయలేదు.